మరిగే నీళ్లతో అల్యూమినియం మీద నానో ఉపరితలం: ల్యాబ్‌లో మొదటి నుంచి చివరి దాకా

"సార్, మొన్న బొట్టు గోళీలా దొర్లిపోయింది. ఇవాళ అదే రేకు, అదే టైమ్, కానీ బొట్టు అతుక్కుని కూర్చుంది. ఎక్కడ తప్పు చేశాం?" ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే ఎప్పుడూ ఏదో ఒకటి తప్పిపోతోంది. అందుకే మా ల్యాబ్‌లో చేసే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నాను.

దీనికి క్లీన్‌రూమ్, వాక్యూమ్ చాంబర్ అక్కర్లేదు. శుభ్రమైన అల్యూమినియాన్ని శుభ్రమైన మరిగే నీళ్లలో ఉంచితే పైపొర నీటితో కలిసి బోహ్మైట్‌గా (ఒక రకం అల్యూమినియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్) మారుతుంది, హైడ్రోజన్ సన్నటి బుడగలుగా బయటికి వస్తుంది. ఈ బోహ్మైట్ నున్నటి పొరగా ఏర్పడదు. పలచని ఆకుల్ని దగ్గర దగ్గరగా నిలబెట్టి గుచ్చినట్టు పెరుగుతుంది. ఒక్కో ఆకు మందం కొన్ని పదుల నానోమీటర్లు, ఎత్తు వంద నుంచి కొన్ని వందల నానోమీటర్లు.

ఇది మన వంటింట్లో రోజూ జరిగే సంగతే. కొత్త సిల్వర్ గిన్నెలో, కొందరు సత్తు గిన్నె అంటారు, నీళ్లు మరిగిస్తే లోపల నీళ్లున్నంత మేర మెరుపు పోయి బూడిదరంగు గీత పడుతుంది. అల్యూమినియానికీ వేడినీటికీ మధ్య జరిగే ఆ చర్యనే ఇక్కడ మురికి నీళ్లు, జిడ్డు లేకుండా, లెక్క ప్రకారం జరిపిస్తాం.

## 1. మీకు ఏ ఉపరితలం కావాలో ముందే తేల్చుకోండి

ఒకే ముక్క నుంచి రెండు రకాలు వస్తాయి.

మరిగించి ఆపేస్తే నీటిని పీల్చుకునే ఉపరితలం వస్తుంది. బొట్టు వేస్తే క్షణంలో పరుచుకుంటుంది, దాని కోణం, అంటే బొట్టు అంచు ఉపరితలాన్ని తాకే చోట నీటి లోపలివైపు ఏర్పడే కోణం, 10 డిగ్రీల లోపే ఉంటుంది. బ్యాక్టీరియా పరీక్షలకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. మరిగించిన తర్వాత స్టియరిక్ ఆమ్లం అనే మైనంలాంటి కొవ్వు ఆమ్లంలో ముంచితే నీటిని దగ్గరికి రానివ్వని ఉపరితలం వస్తుంది. బొట్టు కోణం 150 డిగ్రీలు దాటాలి, పలకను 10 డిగ్రీల లోపు వంచగానే బొట్టు దొర్లిపోవాలి. ఈ రెండూ ఉంటేనే సూపర్‌హైడ్రోఫోబిక్ అని రాయండి. కోణం ఒక్కటే 150 దాటి, పలకను తిరగేసినా బొట్టు వేలాడుతోందంటే అది వేరే సంగతి. గులాబీ రేకు మీద నీళ్లు అలాగే ఉంటాయి.

చేమాకు, తామరాకు బొట్టును దొర్లించేది రెండు అంచెల గరుకుతనంతో. తామరాకు మీద పది మైక్రాన్ల దరిదాపు బుడిపెలుంటాయి, వాటి మీద నానో సైజు మైనపు గొట్టాలుంటాయి. మనమూ రెండు అంచెలూ కట్టాలి. యాసిడ్ పెద్ద గరుకును ఇస్తుంది, మరిగే నీళ్లు చిన్న గరుకును ఇస్తాయి, స్టియరిక్ ఆమ్లం మైనం పని చేస్తుంది. మొదటి అంచె వదిలేసి "కోణం 140 దగ్గరే ఆగిపోయింది" అని బాధపడేవాళ్లు చాలామంది.

## 2. సామాను

- అల్యూమినియం రేకు, అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు మందం. 1050 లేదా 1100 గ్రేడ్ అయితే 99 శాతం పైగా అల్యూమినియమే ఉంటుంది. రంగు వేసినవి, అనొడైజ్ చేసిన (కరెంటుతో మందపాటి ఆక్సైడ్ పొర ఎక్కించిన) తలుపుల సెక్షన్ ముక్కలు వద్దు.
- అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇథనాల్‌కి ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి ఉంటుంది. ఈ పనికి ఐసోప్రొపైల్ చాలు.
- కాస్టిక్ సోడా, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, వంటసోడా.
- స్టియరిక్ ఆమ్లం, ల్యాబ్ గ్రేడ్. కొవ్వొత్తులకు అమ్మే రకంలో పాల్మిటిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. దానితోనూ పని అవుతుంది గానీ సెంటు, రంగు కలిపినది తేవద్దు.
- డిస్టిల్డ్ వాటర్. దీనికి విడిగా ఒక భాగమే రాశాను.
- బోరోసిలికేట్ బీకర్లు, హాట్‌ప్లేట్, థర్మామీటర్, హాట్ ఎయిర్ ఓవెన్, ప్లాస్టిక్ పట్టకారు, నైలాన్ దారం.
- కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్.

అల్ట్రాసోనిక్ బాత్ ఉంటే బంగారం. కాలేజీలో లేకపోతే కళ్లజోళ్ల షాపుల్లో అద్దాలు కడిగే చిన్న మెషీన్ చాలు, అదీ అల్ట్రాసోనిక్కే. దానిలో నీళ్లు మాత్రమే పోసి, ముక్కను చిన్న గాజు బీకర్‌లో పెట్టి దించండి. అసిటోన్‌ను నేరుగా మెషీన్ తొట్టిలో పోయకూడదు.

## 3. నీళ్లు: సగం ఫెయిల్యూర్లు ఇక్కడే

ఒక ఏడాది వరసగా పదిహేను రోజులు మా ముక్కలేవీ పలకలేదు. రేకు మార్చాం, టైమ్ పెంచాం, హాట్‌ప్లేట్‌ని అనుమానించాం. చివరికి తేలిందేమిటంటే, డిస్టిల్డ్ అని రాసి ఉన్న క్యాన్‌లో ఎవరో తాగే ఆర్‌ఓ నీళ్లు పోసి పెట్టారు. ఆ పదిహేను రోజుల పని మొత్తం పోయింది.

నీళ్లలో కరిగి ఉన్న సిలికేట్లు, ఫాస్ఫేట్లు అల్యూమినియం మీద అంటుకుని బోహ్మైట్‌ను పెరగనివ్వవు. చాలా కొద్ది మోతాదు చాలు పని చెడగొట్టడానికి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, మినరల్ వాటర్ క్యాన్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, ఏవీ పనికిరావు. టీడీఎస్ మీటర్‌ను (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి కరిగిన లవణాల్ని అంచనా వేసేది) మాత్రమే నమ్ముకోవద్దు. మామూలు నీళ్లలో కరిగిన సిలికాకి విద్యుదావేశం దాదాపు ఉండదు, అందుకే అది ఆ మీటర్‌కి చిక్కదు. మీటర్ సున్నా చూపినా నీళ్లు చెడ్డవి కావచ్చు.

కొత్త క్యాన్ విప్పిన ప్రతిసారీ ఈ ఫాయిల్ పరీక్ష చేయండి.

1. వంటింటి అల్యూమినియం ఫాయిల్ చిన్న ముక్క కోసి, అసిటోన్‌తో కడిగి, పలచని కాస్టిక్ సోడా నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, బాగా కడగండి.
2. ఆ నీళ్లను మరిగించి, ఫాయిల్‌ను 10 నిమిషాలు ఉంచండి.
3. తీసి ఆరబెట్టి ఒక బొట్టు వేయండి.

బొట్టు వెంటనే తడిమచ్చలా పరుచుకుంటే నీళ్లు మంచివి. గుండ్రంగా నిలబడితే ఆ క్యాన్‌ను నేల కడగడానికి వాడుకోండి. బ్యాటరీ నీళ్లు వాడాల్సి వచ్చినా ముందు ఇదే పరీక్ష.

## 4. ముక్కలు కోయడం, కడగడం

రేకుని 2 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కోయండి. ఒక చివర చిన్న రంధ్రం పెట్టండి. దారం కట్టేదీ, పట్టకారుతో పట్టేదీ ఆ చివరే. కింది సగం మీద ఎవరి చెయ్యీ పడకూడదు. వంకర తిరిగిన ముక్కను పక్కన పడేయండి, ఫొటోలో దాని బేస్‌లైన్ (బొట్టు కూర్చున్న గీత) ఎప్పటికీ కుదరదు. రేకు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి ఉంటే దాన్ని పీకిన తర్వాత కూడా జిగురు మిగులుతుంది. అసిటోన్‌లో నానబెట్టి దూదితో తుడవాలి.

ప్రతి ముక్కకీ పై చివర మేకుతో నంబర్ గీయండి. మార్కర్ ఇంకు అసిటోన్‌లో పోతుంది, పోతూ పోతూ మిగతా ముక్కల్ని కూడా పాడుచేస్తుంది.

కడగడం వరస ఇది:

1. అసిటోన్‌లో 5 నిమిషాలు, వీలైతే అల్ట్రాసోనిక్‌లో.
2. ఐసోప్రొపైల్‌లో 5 నిమిషాలు. అసిటోన్ ఆరిపోకముందే ఇందులోకి మార్చాలి, లేకపోతే జిడ్డు తిరిగి ముక్క మీదే మచ్చలుగా దిగుతుంది.
3. డిస్టిల్డ్ నీళ్లతో కడగడం.
4. కాస్టిక్ సోడా ద్రావణంలో 30 నుంచి 60 సెకన్లు. 100 మిల్లీలీటర్లకు 4 గ్రాములు. బుడగలు ముక్కంతా సమానంగా రావాలి.
5. మూడుసార్లు, మూడు వేరు వేరు బీకర్లలో డిస్టిల్డ్ నీళ్లతో కడగడం.

జిడ్డు పోయిందా లేదా అన్నది నీళ్లే చెప్తాయి. ముక్కను నీళ్లలోంచి నిలువుగా పైకి తీస్తే నీటిపొర తెగకుండా జారాలి. ఎక్కడైనా విరిగి చుక్కలుగా చీలితే అక్కడ జిడ్డుంది, మళ్లీ ఒకటో అంకె నుంచి మొదలుపెట్టండి. ఒకసారి ఓ అమ్మాయి ముక్కను గ్లవ్ లేకుండా పట్టుకుంది. మరిగించి ఆరబెట్టాక దాని మీద నోటితో ఆవిరి ఊదితే బొటనవేలి ముద్ర గీత గీతా లేచింది. చుట్టూ నీరు పొరలా పరుచుకుంది, ఆ గీతల మీద మాత్రం మంచు చుక్కల్లా నిలిచింది. ఆ ముక్కను ఇప్పటికీ కొత్త బ్యాచ్ పిల్లలకు చూపిస్తాను.

## 5. యాసిడ్ గరుకు

నీటిని తోసే ఉపరితలానికే ఈ మెట్టు. పీల్చుకునేది కావాలంటే ఆరుకు వెళ్లిపోండి. ఫాయిల్‌కి దీన్ని అసలు చేయవద్దు, చిల్లులు పడిపోతుంది.

ఆమ్లం 2 మోలార్ ఉండాలి. 100 మిల్లీలీటర్లకు 82 మిల్లీలీటర్ల నీళ్లు ముందు పోసి, దాంట్లో 18 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లాన్ని మెల్లగా కలపండి. ఆమ్లాన్ని నీళ్లలోనే పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఫ్యూమ్ హుడ్‌లో గానీ, కిటికీలు తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గానీ చేయండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

ముక్కను ముంచాక మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగదు. పాత ఆక్సైడ్ పొర కరిగేదాకా ఆమ్లం లోపలికి పోలేదు. ఇక్కడే పిల్లలు కంగారుపడి "యాసిడ్ పలచనైపోయింది" అని ఇంకాస్త పోస్తారు. ఆ తర్వాత ఒక్కసారిగా బుడగలు ముసురుకుంటాయి, ద్రావణం వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వేగం పెరుగుతుంది. అదనంగా పోసిన ఆమ్లంతో అది పొంగి బీకర్ దాటుతుంది. ఓపిక పట్టండి.

టైమ్‌ను ముంచినప్పటి నుంచి లెక్కపెట్టవద్దు. బుడగలు ముక్కంతా కమ్మినప్పటి నుంచి 3 నుంచి 5 నిమిషాలు మొదటి ప్రయత్నంగా పెట్టుకోండి. మే నెలలో మన ల్యాబ్‌లో ఎండకి ద్రావణమే 36, 37 డిగ్రీలుంటుంది, జనవరి ఉదయం 22 కూడా ఉండదు. రెండింటికీ ఒకే టైమ్ పెడితే ఫలితాలు ఎందుకు కలుస్తాయి? బీకర్‌ను నీళ్ల తొట్టిలో ఉంచి, ఉష్ణోగ్రత ప్రతిసారీ రాసుకోండి.

మెరుపు పూర్తిగా పోయి, లేత బూడిదరంగులో సున్నం వేసిన గోడలా కనిపిస్తే తీయండి. వెంటనే నీళ్లలో ముంచి, వీలైతే అల్ట్రాసోనిక్‌లో 5 నిమిషాలు పెట్టి, గుంటల్లో దాగిన క్లోరైడ్ పోయేదాకా కడగండి. క్లోరైడ్ మిగిలితే తర్వాత అక్కడే తుప్పు మొదలవుతుంది. వాడిన ఆమ్లం చల్లారాక వంటసోడా కొద్దికొద్దిగా వేస్తూ నురగ ఆగేదాకా తటస్థం చేసి, మీ ల్యాబ్ పద్ధతి ప్రకారం పారబోయండి. కాస్టిక్ వ్యర్థాన్నీ యాసిడ్ వ్యర్థాన్నీ ఒకే డబ్బాలో పోయవద్దు.

## 6. మరిగించడం

1. బీకర్‌లో డిస్టిల్డ్ నీళ్లు పోసి ముందు పూర్తిగా మరగనివ్వండి. చల్లటి నీళ్లలో ముక్క వేసి వేడి చేస్తే, వేడెక్కే దారిలో వేరే రకం హైడ్రాక్సైడ్ పెరగడం మొదలవుతుంది.
2. ముక్కల్ని దారంతో నిలువుగా వేలాడదీయండి. అడుగునా గోడకూ తగలకూడదు, ఒకదానికొకటి ఆనకూడదు. రాగి తీగతో కట్టవద్దు, రెండు లోహాల మధ్య బ్యాటరీలా చర్య నడిచి రంధ్రం చుట్టూ తినేస్తుంది.
3. ఉష్ణోగ్రత 95 డిగ్రీలకు తగ్గకుండా 20 నిమిషాలు ఉంచండి. వాచ్‌గ్లాస్ మూతగా పెట్టండి.
4. నీళ్లు తగ్గితే వేరే బీకర్‌లో మరుగుతున్న నీళ్లే పోయండి.
5. తీసి, కొత్త డిస్టిల్డ్ నీళ్లతో ఒకసారి కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి.

ప్రతి బ్యాచ్‌కీ కొత్త నీళ్లు. 200 మిల్లీలీటర్లలో నాలుగు ముక్కలకు మించి వేయవద్దు. గంటసేపు మరిగిస్తే మూడింతలు మంచిదవుతుందని అనుకోకండి. పొర పెరిగేకొద్దీ లోపలి లోహానికి నీరు చేరడం కష్టమై, పెరుగుదల తనంతట తానే నెమ్మదిస్తుంది. నేను చూసినంతలో 20 నిమిషాల తర్వాత టైమ్ కన్నా నీళ్ల శుభ్రతే ఎక్కువ తేడా చూపిస్తుంది.

పీల్చుకునే ఉపరితలం కావాల్సినవాళ్లకి పని ఇక్కడితో అయిపోయింది. అయితే ఆ రోజే కొలవండి. గాలిలోని సేంద్రియ ఆవిర్లు పొర మీద చేరి, రోజులు గడిచేకొద్దీ నీటిని పీల్చుకునే గుణం తగ్గిపోతుంది. ల్యాబ్ పక్కనే క్యాంటీన్ ఉండి పకోడీలు వేగుతుంటే ఇంకా త్వరగా తగ్గుతుంది. మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ జిప్ కవరు వద్దు.

## 7. స్టియరిక్ ఆమ్లం పూత

ముందు ముక్కను ఓవెన్‌లో 100 నుంచి 110 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టండి. ఇది వదిలేయదగ్గ మెట్టు కాదు. వర్షాకాలంలో మన తీరం గాలిలో బట్టలే ఆరవు, నానో ఆకుల మధ్య ఇరుక్కున్న తేమ ఎక్కడ ఆరుతుంది? తడి ఉంటే స్టియరిక్ ఆమ్లం అక్కడికక్కడే తెల్లటి పొడిగా విడిపోతుంది.

100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్‌లో 0.284 గ్రాముల స్టియరిక్ ఆమ్లం వేయండి. అది 0.01 మోలార్ అవుతుంది. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో బీకర్‌ను ఉంచి కలిపితే కరిగిపోతుంది. స్టవ్ మంట మీద మాత్రం పెట్టవద్దు, ఐసోప్రొపైల్ ఆవిరి దూరం నుంచి కూడా అంటుకుంటుంది.

చల్లారిన ముక్కను ముంచి మూతపెట్టి కనీసం గంటసేపు, వీలైతే రాత్రంతా వదలండి. ఆమ్లం తల బోహ్మైట్‌ను పట్టుకుంటుంది, పొడవాటి కొవ్వు తోక బయటికి నిలుస్తుంది. తీసిన వెంటనే కొత్త ఐసోప్రొపైల్‌లో రెండు మూడు సెకన్లు జాడించండి. అంటుకోని ఆమ్లం పోవాలి. జాడించకపోతే అది స్ఫటికాలై నానో ఆకుల్ని కప్పేస్తుంది. గాలికి పూర్తిగా ఆరిన తర్వాతే ఓవెన్‌లో 60 నుంచి 65 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల దగ్గర కరుగుతుందని గుర్తుంచుకోండి.

## 8. బొట్టు కోణం కొలవడం

గోనియోమీటర్ (బొట్టు కోణం కొలిచే పరికరం) లేకపోయినా నమ్మదగ్గ కొలత తీయొచ్చు. ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టి, చవకైన మాక్రో లెన్స్ తగిలించి, ముక్క వెనక ట్రేసింగ్ పేపర్, దాని వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. లెన్స్ ముక్క ఎత్తుకే ఉండాలి, పై నుంచి చూస్తే కోణం తప్పు వస్తుంది.

బొట్టు సైజు ఎప్పుడూ ఒకటే ఉండాలి. మైక్రోపిపెట్ లేకపోతే మెడికల్ షాపులో ఇన్సులిన్ సిరంజి కొనండి, కానీ మూత రంగు చూసి కొనండి. నారింజ మూత ఉన్న యూ-100 సిరంజిలో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. ఎర్ర మూత ఉన్న యూ-40లో ఒక యూనిట్ 25 మైక్రోలీటర్లు. ఇద్దరు పార్ట్‌నర్లు చెరో రకం కొనుక్కుని, నెల తర్వాత డేటా కలపబోయి తల పట్టుకున్న సందర్భం నాకు తెలుసు. 10 మైక్రోలీటర్ల బొట్టు రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. 25 మైక్రోలీటర్లదైతే తన బరువుకే చదునవుతుంది.

మంచి ఉపరితలం మీద బొట్టు సూది వదిలి దిగదు. సూదినే పట్టుకుని తిరిగి పైకి వచ్చేస్తుంది. పిల్లలు దీన్ని తప్పనుకుంటారు, నిజానికి మీ పని కుదిరిందనడానికి ఇదే మొదటి గుర్తు. సూదిని లంబంగా పట్టి, ముక్కను కింద నుంచి పైకి లేపి బొట్టుకు ఆనించి, మెల్లగా దించండి. ఫ్యాన్ ఆపేయండి.

ఫొటోలను ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కోణం తీయండి. ఒక్కో రకానికి మూడు ముక్కలు, ఒక్కో ముక్క మీద ఐదు చోట్లు. సగటుతో పాటు స్టాండర్డ్ డీవియేషన్ రాయండి. పదిహేనింటిలో బాగున్న మూడే ఎంచుకుని రాయడం మోసం, వైవాలో అడిగితే నిలబడదు కూడా.

దొర్లే కోణానికి చెక్క పలక, ఫోన్‌లోని లెవెల్ యాప్ చాలు.

పోల్చడానికి ఈ ఐదు రకాలూ తప్పనిసరి:

- కడిగిన ముక్క మాత్రమే
- కడిగి స్టియరిక్ పూసినది
- యాసిడ్, స్టియరిక్
- మరిగించడం, స్టియరిక్
- యాసిడ్, మరిగించడం, స్టియరిక్

నున్నటి ఉపరితలం మీద ఇలాంటి కొవ్వు పొర ఒక్కటే ఉంటే కోణం 110 డిగ్రీల దరిదాపుల్లో ఆగుతుంది. మీ రెండో రకం అంతకు చాలా పైన చూపిస్తుంటే, నున్నగా ఉందనుకున్న రేకు నిజానికి గరుకుగా ఉందన్నమాట.

## 9. ఏం తేడా వస్తే ఎక్కడ వెతకాలి

మరిగించినా బొట్టు పరుచుకోవడం లేదు. ముందు నీళ్లు. ఫాయిల్ పరీక్ష చేయండి. నీళ్లు మంచివైతే కాస్టిక్ తర్వాత కడగడం చూడండి.

కోణం 150 దాటింది, బొట్టు జారడం లేదు. యాసిడ్ గరుకు సరిపోలేదు, లేదా పూత అక్కడక్కడా అంటలేదు. మళ్లీ ఆరబెట్టి, ఆరు గంటలు ముంచి చూడండి. అప్పటికీ కదలకపోతే కొత్త ముక్కతో యాసిడ్ టైమ్‌ను నిమిషం పెంచండి.

తెల్లటి పొడి మచ్చలు. తేమ, లేదా జాడించకపోవడం. గోరువెచ్చటి ఐసోప్రొపైల్‌లో కడిగి, ఆరబెట్టి, మళ్లీ ముంచవచ్చు. ముక్క పాడవలేదు.

కాస్టిక్ తర్వాత నల్లటి మసి. రేకులో సిలికాన్, రాగి, ఇనుము వంటివి ఎక్కువున్నాయి. తడి దూదితో మెల్లగా తుడిచి చూడండి. పోకపోతే గ్రేడ్ తెలిసిన రేకు కొనడం మేలు.

మొదటి రోజు బాగుంది, వారానికి పోయింది. ఎవరు ముట్టుకున్నారో అడగండి. నానో ఆకులు వేలి ఒత్తిడికే నలుగుతాయి, పైగా వేలి నూనె అంటుతుంది. ఈ ఉపరితలాన్ని తుడవకూడదు, గుడ్డతో అసలే వద్దు. దుమ్ము పడితే నీటి బొట్లు దొర్లించండి, అవే ఎత్తుకుపోతాయి.

## 10. బ్యాక్టీరియా పరీక్షకు తీసుకెళ్లేముందు

ఇలకోడి (సికాడా) జాతి పురుగుల రెక్కల మీది నానో స్తంభాలు బ్యాక్టీరియా పొరను సాగదీసి చీల్చగలవని తెలిసినప్పటి నుంచి చాలామంది ఈ దిశలో ప్రాజెక్టులు అడుగుతున్నారు. మంచిదే. కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది.

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఏది ఇచ్చినా అలవాటుగా ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే పాత్ర) పెడతారు. 121 డిగ్రీల ఆవిరిలో మీ కడిగిన మామూలు ముక్క మీద కూడా బోహ్మైట్ పెరిగిపోతుంది. మీరు నున్నటి కంట్రోల్ (పోల్చడానికి ఉంచిన ముక్క) అనుకుంటున్నది ఇక నున్నగా ఉండదు. స్టియరిక్ పూత అయితే కరిగి చెదిరిపోతుంది. అందుకని ముక్క ఇచ్చేటప్పుడే కాగితం మీద "ఆటోక్లేవ్ వద్దు" అని పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి. పూత లేని ముక్కల్ని 70 శాతం ఐసోప్రొపైల్‌లో ముంచి ఆరబెట్టి, అల్ట్రావయొలెట్ దీపం కింద రెండువైపులా ఉంచితే చాలు. పూత ఉన్నవాటికి దీపం మాత్రమే, తక్కువసేపు. ఆ తర్వాత ఒక ముక్కకు కోణం మళ్లీ కొలిచి, పూత చెడలేదని చూసుకోండి.

హాని చేయని ల్యాబ్ రకాలే వాడండి, ఈ.కోలై కె-12, బాసిల్లస్ సబ్‌టిలిస్ వంటివి. ఆస్పత్రి నుంచి తెచ్చిన శాంపిళ్ల జోలికి పోవద్దు.

ఉపరితలం మీద తక్కువ కాలనీలు కనిపించాయంటే అర్థాలు రెండు: బ్యాక్టీరియా అంటుకోలేదు, లేదా అంటుకుని చచ్చిపోయింది. కాలనీలు లెక్కపెడితే ఈ రెండూ వేరుపడవు. బతికినవీ చచ్చినవీ వేరు రంగుల్లో చూపే ఫ్లోరసెన్స్ అద్దకం వేసి మైక్రోస్కోప్‌లో చూస్తేనే తెలుస్తుంది. అది చేయలేకపోతే "చంపుతుంది" అని రాయకండి, "కాలనీలు తగ్గాయి" అని రాయండి.

నీటిని తోసే ముక్కను ద్రావణంలో ముంచి వాలుగా చూస్తే వెండి పూసినట్టు మెరుస్తుంది. అది గరుకు మధ్య చిక్కుకున్న గాలి. గంటలు గడిచేకొద్దీ ఆ మెరుపు మచ్చలు మచ్చలుగా ఆరిపోతుంది, అక్కడ బ్యాక్టీరియాకి దారి దొరుకుతుంది. మెరుపు ఎప్పుడు పోయిందో గంట గంటకీ ఫొటో తీయండి. రెండో గంట ఫలితం, ఇరవై నాలుగో గంట ఫలితం వేరుగా ఎందుకు వచ్చాయో ఆ ఫొటోలే చెప్తాయి.

## 11. ఉప్పు గాలికి పెట్టి చూడాలంటే

కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లు తుప్పు గురించి అడుగుతారు. ల్యాబ్‌లో మొదలుపెట్టడానికి 965 గ్రాముల నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కలిపితే 3.5 శాతం ద్రావణం అవుతుంది. అయొడైజ్డ్ వంట ఉప్పు కాకుండా ల్యాబ్ ఉప్పు వాడండి. కోసిన అంచుల్ని నెయిల్ పాలిష్‌తో మూసేయండి, లేకపోతే తుప్పు అంచు నుంచే మొదలై మీ ఉపరితలానికి చెడ్డపేరు వస్తుంది. రోజూ ఒకే సమయానికి తీసి, కడిగి, ఆరబెట్టి, కోణం, ఫొటో. గాలి పొర ఉన్నంతకాలమే ఈ రక్షణ, కాబట్టి దీన్ని రంగు పూతకు బదులుగా ఎవరికీ సిఫారసు చేయకండి. వంట పాత్రలకైతే అసలు వద్దు.

## 12. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి పంపడం

విశాఖ తీసుకెళ్లే ముందు ముక్కను 1 సెంటీమీటర్ చదరంగా కోయండి. కోత వల్ల అంచు నలుగుతుంది, అందుకని ఆపరేటర్‌ని మధ్యలోనే చూడమనండి. వెనకవైపు డబుల్ టేప్‌తో చిన్న డబ్బా అడుగున అంటించి, పైభాగం దేనికీ తగలకుండా మూతపెట్టండి. దూదిలో చుట్టి తెచ్చిన ముక్క మీద నూలు పోగులు తప్ప ఏమీ కనిపించవు.

బోహ్మైట్‌లో కరెంటు పారదు, బంగారు పూత అడగండి. పూత పలచగా ఉండాలి, మందంగా వేస్తే సన్నటి ఆకులు మొద్దుబారి కనిపిస్తాయి. ఇచ్చిన టైమ్‌లో ఈ వరసలో తీయించండి:

- వెయ్యి రెట్లు: యాసిడ్ గరుకు, సమానంగా ఉందా
- 10,000 రెట్లు: గుంటల లోపల కూడా ఆకులు పెరిగాయా
- 50,000 రెట్లు: ఆకుల మందం, వాటి మధ్య ఖాళీ
- 45 డిగ్రీలు వంచి మళ్లీ 50,000: ఆకుల ఎత్తు

కడిగిన మామూలు ముక్కను కూడా అదే రోజు, అదే రెట్లలో తీయించండి. టైమ్ అయిపోతోందని ఆపరేటర్ తొందరపెడితే 10,000 ఫొటో ఒకటి మానుకోండి గానీ కంట్రోల్ ముక్కను మానుకోవద్దు.